మెరిన్ ట్రెజైజ్ మీద ఒక ఫిర్యాదు

మెరిన్ ట్రెజైజ్ చేసిన పాపం ఒక్కటే. ఏడేళ్ళ కిందట తను తయారుచేసిన వీడియో గేమ్‌ను జనంలోకి వదిలిన రోజు, సంతోషం పట్టలేక, "మీరు చెప్పండి, నేను మారుస్తాను" అని రాసింది. రాసి, ఒక బీరు తాగి, హాయిగా నిద్రపోయింది. మళ్ళీ అంత హాయిగా ఎప్పుడు నిద్రపోయిందో ఆమెకే గుర్తులేదు.

ఆ గేమ్ పేరు కాటా. పేరుకు తగ్గట్టే ఉంటుంది. ధాన్యం గోదాము ముందు కాటా గదిలో, కిటికీ పక్కన మీరు కూర్చుంటారు. లారీ వచ్చి కాటా మీద ఆగుతుంది. మీరు పొడవాటి గొట్టం దింపి బార్లీ శాంపిల్ తీస్తారు, తేమ చూస్తారు. పన్నెండున్నర శాతం దాటితే వెనక్కి పంపుతారు, దాటకపోతే ఫలానా గుట్ట దగ్గర దింపమంటారు. తర్వాత ఇంకో లారీ వస్తుంది. అంతే సంగతి. తుపాకులు లేవు, రాక్షసులు లేరు, గెలవడం అసలే లేదు. తన ఊరైన మూంటా దగ్గరి గోదాములో మెరిన్ ఆరు సీజన్లు ఆ కిటికీ పక్కనే కూర్చుంది కాబట్టి తనకు తెలిసింది చేసింది. ఇది ఎవడాడతాడే అని వాళ్ళక్క టామ్సిన్ కడుపు పట్టుకుని నవ్వింది. ఆడేవాళ్ళు దొరికారు. ప్రపంచం మొత్తం మీద మూడు వేల మంది. అందులో నాలుగు వందల మందికి కాటా తప్ప వేరే లోకం లేదు, ఆ గేమ్‌లోనే ఒక గ్రూపు పెట్టుకుని పొద్దస్తమానం దాని గురించే మాట్లాడుకుంటారు. కోట్ల మంది ఆడే గేమ్ చేసినవాడు సుఖపడతాడు, వాడికి ఎవరి పేరూ తెలీదు. నాలుగు వందల మంది ప్రాణం పెట్టుకున్న గేమ్ చేసిన మనిషికి ఆ నాలుగు వందల పేర్లూ తెలుస్తాయి, వాళ్ళ పిల్లుల పేర్లతో సహా.

"మీరు చెప్పండి, నేను మారుస్తాను" అన్న మాట ఆ గ్రూపులో చట్టమైపోయింది. దానికి పద్ధతి రాసి పెట్టినవాడు గ్రూపు పెద్ద. ఆయన అక్కడ పెట్టుకున్న పేరు 'పన్నెండున్నర'. అసలు పేరు ఎవార్ట్ డాల్గ్లిష్, న్యూజిలాండ్‌లో అట్టడుగున ఉన్న ఇన్వర్‌కార్గిల్‌లో రిటైరై కూర్చున్న పెద్దమనిషి, కాటా గదిలో ఆరు వేల గంటలు గడిపినవాడు. ఆయన పెట్టిన రూలు ప్రకారం ఏ లోపమైనా ఐదు గళ్ళ ఫారంలోనే చెప్పాలి. ఏం జరిగింది, ఎలా చేస్తే మళ్ళీ జరుగుతుంది, అసలు ఏం జరగాలి, బదులుగా ఏం జరుగుతోంది, సాక్ష్యం ఏమిటి. ఫారం పెట్టిన మూడు రోజుల్లో కనీసం ఇద్దరు "నా దగ్గర కూడా జరిగింది" అని రాస్తే లోపం ఖాయం, మెరిన్ పద్నాలుగు రోజుల్లో బాగుచేసి తీరాలి. ఎవరూ రాయకపోతే కొట్టివేత. ఇది చదివి మెరిన్ ఎంత మురిసిపోయిందంటే, మొదటి సంతకం తనే పెట్టింది.

ఇక చూసుకోండి. కాటా గదిలో కెటిల్ మూడు నిమిషాలకే మరుగుతోందని ఒక ఫారం. బార్లీ దుమ్ము గోధుమ దుమ్ములా ఉందని పదకొండు ఫారాలు. లారీ మీద టార్పాలిన్ లాగేటప్పుడు వచ్చే చప్పుడు కోసం మెరిన్ నలుగురు రైతుల ఇళ్ళకు తిరిగి రికార్డు చేసుకొచ్చింది, అది 'కొంచెం కొత్త టార్పాలిన్‌లా' ఉందని ఓటింగ్‌లో ఓడించారు. ఒకసారి ఆమే ధైర్యం చేసి, కాటా గదిలో మనిషికి టాయిలెట్‌కు వెళ్ళే వీలు పెడదామంది. సీజన్‌లో నిజమైన కాటా మనిషి కుర్చీ వదలడని గ్రూపు తీర్మానించింది. ఆరు సీజన్లు అక్కడ కూర్చున్నది నేనండీ, వెళ్ళకపోతే ఏమవుతుందో నాకు తెలుసు, రెండుసార్లు మందులు వాడాను అని రాసింది. హెల్సింకీలో ఉండే ఒకాయన, బతుకులో బార్లీ గింజను పొట్టుతో చూసి ఎరగనివాడు, సొంత అనుభవం సాక్ష్యం కిందికి రాదని ఐదో గడి చూపించాడు. మెరిన్ క్షమాపణ చెప్పుకుంది. నలభై ఒక్క ఏళ్ళ మనిషి, తను చేసిన పని గురించి, ఆ పని ఎన్నడూ చేయనివాడికి.

ఏడో ఏడు ఆగస్టులో మొదలైంది. పొద్దున గ్రూపు తెరవగానే మౌస్ మీద చెయ్యి వణికేది. తర్వాత కొన్నాళ్ళకు ఫోను ఇంట్లో వదిలేసి సముద్రం ఒడ్డున నడుస్తున్నా 'టింగ్'మని వినిపించేది. సెప్టెంబరు మొదటి వారంలో ఒక మధ్యాహ్నం మెరిన్, మాంసం కూరి కాల్చిన పేస్టీలు అమ్మే వాళ్ళక్క కొట్టుకు వెళ్ళి వరసలో నిలబడింది. కౌంటరు వెనక నుంచి టామ్సిన్ మామూలుదా, కూర మసాలాదా అని అడిగింది. మెరిన్ నోరు తెరిచింది. ఏదో ఒకటి చెబితే చాలు. కానీ దీనికి ముందు ఓటింగ్ పెట్టాలేమో, రెండోదాన్ని అడిగేవాళ్ళు ఊరుకుంటారా అన్న ఆలోచన వచ్చి, అక్కడే, పదిమంది ముందు, వెక్కి వెక్కి ఏడ్చేసింది. టామ్సిన్ ఏప్రన్ విప్పి కౌంటరు మీద పడేసి, చెల్లెలి రెక్క పట్టుకుని డాక్టర్ మాక్రిస్ దగ్గరికి లాక్కుపోయింది.

డాక్టరమ్మ చాలాసేపు విన్నది. ఆందోళన ముదిరిందని, మనిషి పూర్తిగా అరిగిపోయిందని చెప్పింది. మనసు వైద్యుడికి ఉత్తరం రాసింది, ఆయన దగ్గర వంతు పదకొండు వారాల తర్వాతకు దొరికింది. ఈలోగా ఆరు వారాలు ఆ గ్రూపు ముఖం చూడకూడదంది. రోజుకు ఎన్నిసార్లు చూడొచ్చని మెరిన్ అడిగింది. డాక్టరమ్మ కాగితం తీసి పెద్ద సున్నా చుట్టి చేతిలో పెట్టింది.

దారిలో కారులోనే అక్కాచెల్లెళ్ళకు వాదన మొదలైంది. కొట్టు మూసేశామని బోర్డు పెట్టెయ్, నేను ఆదివారాలు మూస్తే ఎవడైనా చచ్చాడా అంది టామ్సిన్. వాళ్ళకు చెప్పకుండా ఎలా అక్కా అంది మెరిన్. చెప్పు అయితే. చెప్పడానికి ఒక ఫారం ఉంది అంది మెరిన్. టామ్సిన్ బండి పక్కకు ఆపి ఆ ఫారం సంగతంతా విన్నది. ఐదు గళ్ళూ, ఇద్దరు సాక్షులూ, మూడు రోజుల గడువూ అన్నీ విన్నది.

"నువ్వు పదకొండు వారాలు ఆగగలవేమో గానీ, ఆ నాలుగు వందల మందిని మాత్రం ఈ పూటే డాక్టరుకు చూపించాలే," అంది.

ఇంటికి వచ్చి మెరిన్ మామూలుగానే నాలుగు వాక్యాలు రాసి పెట్టింది. ఒంట్లో బాగాలేదు, ఆరు వారాలు విశ్రాంతి తీసుకోమన్నారు, మన్నించండి అని. ఇరవై నిమిషాల్లో అది మాయమైంది. దాని స్థానంలో పన్నెండున్నర గారి చీటీ ఉంది. "ఫారం ప్రకారం లేదు. ఐదు గళ్ళూ నింపి మళ్ళీ పెట్టగలరు. ఎ.డి." ఆయన అందరికీ అదే చీటీ పెడతాడు, కోపమేమీ ఉండదు. ఇంకొకరైతే ఆ చీటీ చూసి కంప్యూటర్ ఎత్తి కిటికీలోంచి పారేసేవాళ్ళు. మన మెరిన్ సిగ్గుపడింది. ఛ, నేనే సంతకం పెట్టిన రూలు నేనే మర్చిపోయాను అనుకుని, కుర్చీ ముందుకు లాక్కుని ఫారం నింపింది.

ఏం జరిగింది: కాటా తయారుచేసే మనిషి పనిచేయడం లేదు.

ఎలా చేస్తే మళ్ళీ జరుగుతుంది: పొద్దున ఏడింటికి గ్రూపు తెరవండి. మొదటి పది ఫిర్యాదులు చదవండి. మీ చేతులు చూసుకోండి.

ఏం జరగాలి: చదివి, టీ తాగి, పని మొదలుపెట్టాలి.

బదులుగా ఏం జరుగుతోంది: చేతులు వణుకుతున్నాయి. గుండె మీద బస్తా పెట్టినట్టు ఉంటోంది. నిన్న పళ్ళు తోముకోవడం మర్చిపోయాను, మొన్న కూడా. ఏడుపొస్తోంది, కారణం వెతికాను, దొరకలేదు.

సాక్ష్యం: డాక్టరు చీటీ జతపరచడమైనది.

ఇక సరిగ్గా ఉంది. ఎవరూ తీసేయలేదు. పది నిమిషాల్లో హెల్సింకీ ఆయన బదులిచ్చాడు. "నా దగ్గర జరగలేదు. గ్రూపు తెరిచాను, పది చదివాను, చేతులు బాగానే ఉన్నాయి." కింద తన రెండు చేతుల ఫోటో పెట్టాడు. దాంతో అది ఆనవాయితీ అయిపోయింది. సాయంత్రానికి ఇరవై మూడు జతల చేతులు వచ్చాయి. కొన్నిటికి ఉంగరాలు, ఒకదానికి కట్టు, ఒకదాని ఒళ్ళో పిల్లి. ఇంకొకడు ఇది ఏ వెర్షన్‌లో జరుగుతోందని అడిగాడు. నలభై ఒకటో ఏడు అని మెరిన్ రాసింది. రెండేళ్ళ కిందట అప్‌డేట్ కింద 'కాస్త అలసటగా ఉంది' అని ఆమే రాసిందట, కాబట్టి ఇది పాత ఫిర్యాదే, కొత్తగా తీసుకోనక్కర్లేదని ఒకాయన లంకె వేసి మరీ చూపించాడు. ఆరు వారాలంటే మరీ ఎక్కువ, గేమ్ బిగువు పోతుంది, రెండు వారాలు చేసి మంగళవారాలు మాత్రం పని పెట్టుకుంటే బాగుంటుందని ఒక సవరణ వచ్చింది. దానికి గ్రాఫ్ కూడా గీశారు. కెనడాలో ఉండే ఒకావిడ నీళ్ళు బాగా తాగమంది, అందరికంటే ఎక్కువ మెచ్చుకోళ్ళు ఆవిడకే పడ్డాయి.

వీళ్ళలో ఒక్కరు కూడా దుర్మార్గులు కారు. అదే వచ్చిన తంటా. తిట్టేవాడైతే తిరిగి తిట్టి తలుపేసుకోవచ్చు. వీళ్ళు ఆమె గేమ్‌ను ప్రాణంలా చూసుకునేవాళ్ళు, ఆమెకు పుట్టినరోజు శుభాకాంక్షలు చెప్పేవాళ్ళు. ఆ ప్రేమతోనే ఏడేళ్ళుగా కొంచెం కొంచెం కొరుక్కు తింటున్నారు, ఆమె కూడా ఉప్పు సరిపోయిందా అని అడుగుతోంది.

డాక్టరమ్మ చుట్టిచ్చిన సున్నా ఫ్రిజ్ మీద ఉంది. మెరిన్ మూడు రోజులూ కదలకుండా కూర్చుని ప్రతి ఒక్కరికీ ధన్యవాదాలు రాసింది. భోజనం తెచ్చిన టామ్సిన్ తెర మీద ఆ చేతులన్నీ చూసి ఇవేంటే అని అడిగింది. సాక్ష్యాలు అంది మెరిన్. టామ్సిన్ పేస్టీల సంచి పట్టుకుని అలాగే కుర్చీలో కూలబడింది.

మూడో రోజు మధ్యాహ్నానికి లెక్క తేలిపోతోంది. జరగలేదన్నవాళ్ళు అరవై ఒక్కరు, జరిగిందన్నవాళ్ళు సున్నా, గడువు ఇంకో రెండు గంటలు. అప్పటికి మెరిన్ నమ్మడం మొదలుపెట్టింది. అరవై ఒక్క మంది ఓపిగ్గా పరీక్షించి చూశారు కదా, ఏమీ లేదన్నారు కదా. నాకే ఏదో భ్రమేమో. క్లినిక్‌కు ఫోన్ చేసి, మనసు వైద్యుడి దగ్గర తన వంతు ఇంకెవరికైనా అవసరమైతే ఇచ్చేయమంది. సోమవారం నుంచి మామూలుగా పనిలో కూర్చుందామని కెటిల్ ఫారం బయటికి తీసింది. ఆ రెండు గంటలూ అలాగే గడిచిపోయి ఉంటే ఆమె ఇక ఎవరికీ ఏమీ చెప్పేది కాదు. చెప్పుకునే ఓపిక ఆ ఒక్క ఫారంలోనే అయిపోయింది.

అప్పుడు పన్నెండున్నర రాశాడు.

"నా దగ్గర కూడా జరిగింది. ఏడింటికి కాదు, ఆరింటికి. చేతులు వణుకుతున్నాయి. గ్రూపు తెరవకపోయినా వణుకుతున్నాయి. ముసలితనం అనుకున్నాను. బస్తా సంగతి కూడా నిజమే. నాలుగేళ్ళుగా ఉంది. సాక్ష్యం లేదు, ఎవరికీ చెప్పలేదు. ఎ.డి."

తర్వాత కెనడా ఆవిడ రాసింది, నీళ్ళు తాగుతూనే ఉన్నాను, నా దగ్గర కూడా జరుగుతోంది అని. హెల్సింకీ ఆయన తన మాట వెనక్కి తీసుకున్నాడు. ఈసారి ఫోటో కోసం బిగపట్టకుండా చూసుకున్నాను, జరిగింది అన్నాడు. ఇక ఆగలేదు. సాయంత్రానికి నూట పద్దెనిమిది మంది. ఏ ఊరు, ఎన్ని గంటలకు, ఎక్కడ నొప్పి, ఎవరు వదిలేసి వెళ్ళారు, ఎన్నాళ్ళుగా నిద్ర లేదు, అన్నీ ఐదు గళ్ళలో, తప్పుల్లేకుండా. మెరిన్ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని చదివింది. ఇన్నాళ్ళూ ఇలా ఉన్నది తను ఒక్కతే అనుకుంది. కళ్ళ నీళ్ళు కారిపోతుంటే తుడుచుకోలేదు. ఆ పది నిమిషాలూ ఆ నాలుగు వందల మంది మీద ఆమెకు నిజంగా ప్రేమ కలిగింది.

పదకొండో నిమిషంలో గ్రూపు తన పని తాను చేసింది. రూలు ప్రకారం దానంతటదే పడే చీటీ అది.

"లోపం ఖాయమైనది. బాధితులు: 118. తీవ్రత: అత్యవసరం. బాగుచేయవలసినవారు: మెరిన్ ట్రెజైజ్. గడువు: పద్నాలుగు రోజులు."

గంటలోపే ఒకరు అప్‌డేట్ ఎప్పుడొస్తుందని అడిగారు. ఇంకొకరు చాలా మర్యాదగా, ఏడుపు కంటే ముందు నిద్ర బాగుచేయడం కుదురుతుందా అని అడిగారు.

మెరిన్‌కు ముందు నవ్వొచ్చింది. పడీ పడీ నవ్వింది. నవ్వుతూనే ఏదో రాసుకుంటున్నానని గమనించి చేతిలో కాగితం చూసుకుంది. ఎవరిది ముందు, ఎవరిది తర్వాత అని అప్పటికే ఏడు పేర్లు రాసేసింది. టామ్సిన్‌కు ఫోన్ చేసింది.

"అక్కా, నూట పద్దెనిమిది మందిని నన్నే బాగుచేయమంటున్నారు."

"నువ్వేమన్నావు?"

"లిస్టు మొదలుపెట్టాను."

టామ్సిన్ తిడుతుందనుకుంది. తిట్టలేదు. గోదాములో లారీలు ఎప్పుడు ఆగేవే అని అడిగింది. సీజన్ అయిపోతే అంది మెరిన్. ఆపమని ఎవరైనా ఓట్లేసేవాళ్ళా? లేదు, పొలాల్లో పంట అయిపోయేది. టామ్సిన్ ఫోన్ పెట్టేసింది.

మొదట్లో కాటాలో కూడా సీజన్‌కు చివర ఉండేది. నలభయ్యో రోజు ఆఖరి లారీ వచ్చేది. మూడో ఏడు దాన్ని లోపం కింద రాశారు. 'లారీలు ఆగిపోతున్నాయి' అని ఫారం, 'నా దగ్గర కూడా జరిగింది' అని రెండు వందల మంది. మెరిన్ బాగుచేసింది. అప్పట్నుంచి లారీలు ఆగలేదు. ఇప్పుడు ఆ పాత ముక్కను వెతికి పట్టుకుని, రెండు రోజులు కూర్చుని, తిరిగి అతికించింది. ఆఖరి లారీ వస్తుంది. డ్రైవరు చెయ్యి ఊపి వెళ్ళిపోతాడు. మీరు కాటా మీద నీళ్ళు కొట్టి కడిగి, కిటికీ షట్టరు దింపి, గేటు మూస్తారు. ఆ తర్వాత గేమ్ తెరుచుకోదు. గ్రూపుకు కూడా అదే తాళం వేసింది. తెర మీద మూసిన గేటు, దాని మీద ఒక బోర్డు.

"సీజన్ అయిపోయింది. మళ్ళీ నవంబరులో, కొత్త పంటకు. ఖాయమైన లోపాన్ని ఇలా బాగుచేశాను, నాకు వేరే పద్ధతి తెలీదు. మీ ఊళ్ళో డాక్టరు ఉంటారు. వెళ్ళండి. మెరిన్."

ఫారం లేదు, ఓటింగ్ లేదు. శుక్రవారం మధ్యాహ్నం మీట నొక్కింది. తర్వాత క్లినిక్‌కు ఫోన్ చేసి తన వంతు ఎవరికైనా ఇచ్చేశారా అని అడిగింది. ఇంకా ఇవ్వలేదన్నారు.

బుధవారం పొద్దున పెరటి మెట్టు మీద కూర్చుని ఉండగా ఫోన్ మోగింది. ముసలి గొంతు, ఆ దక్షిణపు కొసన ఉండేవాళ్ళలాగా 'ర'ను నాలుక మీద దొర్లిస్తోంది.

"ట్రెజైజ్ గారేనా అండీ? నేను ఎవార్ట్ డాల్గ్లిష్‌ని."

మెరిన్ లేచి నిలబడింది. క్షమించండి అనే మాట నోటి దాకా వచ్చింది. ఆయన అడ్డుపడి, నంబరు మీ డాక్టరు చీటీ మీద చూశాను, ఇది ఫిర్యాదు కాదండీ అన్నాడు. దగ్గాడు. ఆరింటికి లేస్తున్నానని, లేచాక ఏం చేయాలో తోచడం లేదని, ఇల్లంతా నిశ్శబ్దంగా ఉంటోందని చెప్పాడు. గోదాములో సీజన్ అయిపోయాక మీరందరూ ఏం చేసేవారు అని అడిగాడు.

మీ ఒక్కరికి తెరుస్తాను లెండి. ఆ మాట ఆమె నాలుక చివర సిద్ధంగా ఉంది. ఒక్కడే కదా, పెద్దాయన కదా. అనేస్తే అయిపోతుంది. ఒకటి రెండవుతుంది, రెండు నూట పద్దెనిమిది అవుతుంది.

"నాకూ తెలీడం లేదండీ," అంది. "నేను పడుకుంటున్నాను. లేచి ఏడుస్తున్నాను. నిన్న పది దాకా నిద్రపోయాను. మీరు డాక్టరుకు చెప్పారా?"

"రేపు వెళ్తున్నాను. ఏం చెప్పాలో కాగితం మీద రాసుకున్నాను." కొంచెం సిగ్గుగా అన్నాడు. "ఐదు గళ్ళలోనే. ఇంకోలా చెప్పడం నాకు రాదమ్మా."

"అలాగే చదివేయండి. డాక్టరుకు అర్థమవుతుంది."

ఆ తర్వాత చాలాసేపు మాట్లాడుకున్నారు. ఆయన భార్య పోయి నాలుగేళ్ళయిందట. ఆవిడకు బార్లీ వేసిన సూపు ఇష్టమట. మీకెలా ఉందని ఆయన అడిగాడు. బాగాలేదని మెరిన్ చెప్పింది, ధన్యవాదాలు చెప్పలేదు. ఇక పెట్టేస్తానంటూ ఆయన మళ్ళీ ఆగాడు.

"ఇంకొక్క సంగతి. ఆ మూసిన గేటుకు గొలుసు ఎడమ పక్క వేలాడుతోంది. కుడి పక్క ఉండాలి."

నిజమే. శుక్రవారమే ఆమె కంట పడింది. కంప్యూటర్ ఇంట్లో బల్ల మీద ఉంది, నాలుగడుగుల దూరం. రెండు నిమిషాల పని.

"తెలుసండీ," అంది. "నవంబరు దాకా ఎడమ పక్కే ఉంటుంది."

అవతల నుంచి ఏమీ వినిపించలేదు. ఎంతసేపంటే, లైను తెగిపోయిందేమోనని ఫోను చెవి నుంచి తీసి చూసుకుంది. తెగలేదు. రూల్స్ అన్నీ తన చేత్తో రాసిన ఆ పెద్దమనిషి ఊపిరి తీస్తున్న చప్పుడు సన్నగా వస్తోంది.

"సరే," అన్నాడు ఆయన. "ఉండనీ."

ఏడేళ్ళలో ఆ నాలుగు వందల మందిలో ఒక్కరి నుంచి కూడా ఆ మాట రాలేదు. మెరిన్ మెట్టు మీద కూర్చుండిపోయింది.